'ఏలియన్: రోములస్' చూసే ముందు

2024లో వచ్చిన హాలీవుడ్ భయానక చిత్రం 'ఏలియన్: రోములస్' కథ 'ఏలియన్' చిత్రాల వరుసలో 1979 నాటి తొలి చిత్రానికీ, 1986 నాటి రెండో చిత్రానికీ నడుమ జరుగుతుంది కనుక, ముందుగా రిడ్లీ స్కాట్ తీసిన తొలి చిత్రాన్ని రాత్రిపూట, దీపాలన్నీ ఆర్పివేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. అందులోని గ్రహాంతర జీవి నెత్తురు అంతరిక్ష నౌక అంతస్తులను ఒక్కొక్కటిగా కరిగించుకుంటూ కిందికి దిగే ఘట్టాన్ని శ్రద్ధగా గమనించండి. దానిని తుపాకీతో ఎందుకు కాల్చకూడదో అక్కడే తెలుస్తుంది, కొత్త చిత్రంలోని ఉత్కంఠకు ఒక పునాది కూడా అదే.

ఆ తర్వాతే రోములస్. హైదరాబాదులో ఇటువంటి చిత్రం మళ్ళీ ఎప్పుడు విడుదలైనా, హుస్సేన్‌సాగర్ చేరువలోని ప్రసాద్స్ మల్టీప్లెక్స్‌లో పెద్ద తెరకే టికెట్ తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఈ కథల్లో భయమంతా నిశ్శబ్దంలోనే దాగి ఉంటుంది కాబట్టి ఫోన్ పూర్తిగా ఆపివేయండి. చిన్నపిల్లలను వెంట తీసుకువెళ్లకండి.