వడ్ల కాంటా లెక్కతో క్లాసులు, ఆబ్జెక్టులు నేర్చుకునే విధానం

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ అనగానే మన నల్లగొండ, పాలమూరు కాలేజీల్లో విద్యార్థులు ముందుగా బట్టీ పట్టేది ఎన్‌క్యాప్సులేషన్, అబ్‌స్ట్రాక్షన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం అనే నాలుగు నిర్వచనాలను. పరీక్షలో అవి మార్కులు తెస్తాయి గానీ, అసలు క్లాసు ఎందుకు రాయాలో చెప్పవు. 1960లలో నార్వేకు చెందిన డాల్, నైగార్డ్ బయటి ప్రపంచంలోని వ్యవహారాలను కంప్యూటర్‌లో అనుకరించి చూసేందుకు సిములా భాషను రూపొందిస్తున్నప్పుడే క్లాసు, ఆబ్జెక్టు అనే భావనలు రూపుదిద్దుకున్నాయి. కాబట్టి నేర్చుకునేవారు కూడా తమకు బాగా తెలిసిన ఒక వ్యవహారాన్ని తీసుకోవడం మేలు. ఇక్కడ ఐకేపీ కేంద్రంలో వడ్ల కొనుగోలును తీసుకుందాం.

కాలేజీలో జావా చెబుతుంటే జావానే నేర్చుకోవాలి. రెండు భాషలను ఒకేసారి పట్టుకోవద్దు. సొంతంగా మొదలుపెట్టేవారికి మాత్రం పైథాన్ 3 నయం. అందులో క్లాసు లేకుండానే ప్రోగ్రామ్ మొదలుపెట్టి, అవసరం వచ్చినప్పుడు క్లాసును తెచ్చుకోవచ్చు. ల్యాప్‌టాప్ లేనివారు ఫోన్ బ్రౌజర్‌లోనే పైథాన్ రాసి నడిపించే గూగుల్ కోలాబ్‌ను వాడుకోవచ్చు. వేరియబుల్, ఇఫ్, లూప్, ఫంక్షన్, లిస్ట్ ఈపాటికే వచ్చి ఉండాలి.

మొదట క్లాసు లేకుండా రాయండి. రైతుల పేర్లకు ఒక లిస్ట్, బస్తాల సంఖ్యకు ఒకటి, తేమ శాతానికి మరొకటి పెట్టండి. తేమ తక్కువగా ఉన్న కుప్పలను ముందు కాంటా వేద్దామని తేమ లిస్ట్‌ను ఒక్కదాన్నే సార్ట్ చేస్తే, అంటే చిన్న సంఖ్య నుంచి పెద్ద సంఖ్యకు వరుసలో పెడితే, ఒక రైతు తేమ శాతం మరొక రైతు పేరు పక్కకు చేరిపోతుంది. ఆ గందరగోళాన్ని తెరమీద ఒకసారి కళ్లారా చూడాలి, ఎందుకంటే క్లాసు అవసరం తెలిసేది అక్కడే.

ఇప్పుడు కుప్ప అనే క్లాసు రాసి, ఆబ్జెక్టు తయారవగానే నడిచే దాని ఇనిట్ (__init__) ఫంక్షన్‌లో రైతు పేరు, బస్తాలు, తేమ అనే మూడింటిని సెల్ఫ్‌కు తగిలించండి. క్లాసు అనేది నమూనా మాత్రమే. దాని నుంచి తయారయ్యే ఒక్కో రైతు కుప్ప ఒక్కో ఆబ్జెక్టు. సెల్ఫ్ అంటే ప్రస్తుతం ఏ కుప్ప గురించి మాట్లాడుతున్నామో ఆ కుప్ప. మెథడ్ (క్లాసు లోపలి ఫంక్షన్) రాసేటప్పుడు దాన్ని మరచిపోతే, మనం ఏమీ ఇవ్వకపోయినా, ఒక్క విలువా తీసుకోని మెథడ్‌కు ఒక విలువ ఇచ్చారని పైథాన్ ఎర్రర్ చూపుతుంది. ఆ ఒకటి, పైథాన్ తనంతట తాను పంపిన ఆ కుప్పే.

కొత్తవారిని ఎక్కువగా తికమక పెట్టేది ఇంకొకటి ఉంది. బస్తాల తూకాలు రాసుకునే ఖాళీ లిస్ట్‌ను ఇనిట్ లోపల కాకుండా నేరుగా క్లాసు కింద పెడితే, ఆ లిస్ట్ అన్ని కుప్పలకూ ఉమ్మడి అవుతుంది. మొదటి రైతు కుప్పకు 40 కిలోల తూకం చేర్చి, రెండో రైతు కుప్పను ప్రింట్ చేసి చూడండి; అక్కడా అదే 40 కనిపిస్తుంది. ఎర్రర్ ఏదీ రాదు, కాబట్టి పట్టుకోవడం కష్టం. ఏ కుప్ప లెక్క ఆ కుప్పకే ఉండాలంటే లిస్ట్‌ను ఇనిట్ లోపల, సెల్ఫ్‌తోనే పుట్టించాలి.

ఆ తర్వాత మెథడ్లు రాయాలి. తేమ 17 శాతం మించితే ఆరబెట్టాలని చెప్పేది ఒకటి, క్వింటాలు ధరను తిరిగి ఇచ్చేది ఒకటి, ఆ ధరను పిలిచి మొత్తం చెల్లింపు కట్టేది మరొకటి. 2025-26కు సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. 40 కిలోల బస్తాలు 100 అంటే 40 క్వింటాళ్లు, కనుక జవాబు 94,760 రావాలి. తరుగు లెక్క ఇప్పుడే వద్దు. దాని మీద కాంటా దగ్గర జరిగే వాదన ప్రోగ్రామ్‌తో తీరేది కాదు.

ఇన్‌హెరిటెన్స్‌ను, అంటే ఉన్న క్లాసు నుంచి మరో క్లాసును తీయడాన్ని, ఇక్కడిదాకా ముట్టుకోకపోవడమే మంచిది. 2025-26కు ఏ-గ్రేడ్ మద్దతు ధర 2,389 కాగా, సన్న వడ్లకు 2024 వానాకాలం నుంచి రాష్ట్ర ప్రభుత్వం క్వింటాలుకు 500 బోనస్ ప్రకటించింది. కుప్ప నుంచి సన్నకుప్ప అనే క్లాసును తీసి, అందులో ధర మెథడ్‌ను మాత్రమే మళ్లీ రాసి, ఏ-గ్రేడ్ ధరకు బోనస్ కలిపి 2,889 తిరిగి ఇమ్మని చెప్పండి. చెల్లింపు మెథడ్‌లో ఒక్క అక్షరం మార్చకపోయినా, అదే 100 బస్తాలకు 1,15,560 వస్తుంది, ఎందుకంటే పాత మెథడ్‌లోని సెల్ఫ్ ఇప్పుడు సన్నకుప్పను సూచిస్తూ దాని ధరనే పిలుస్తుంది. రెండు రకాల కుప్పలను ఒకే లిస్ట్‌లో కలిపి, లూప్‌లో చెల్లింపును పిలిస్తే దేని లెక్క దానికి వస్తుంది. పాలిమార్ఫిజం అంటే ఇదే. వానాకాలం కుప్ప, యాసంగి కుప్ప అంటూ మరో రెండు క్లాసులు తీయకండి. లెక్క కట్టే తీరు మారనప్పుడు సీజన్ ఒక విలువ మాత్రమే. కొనుగోలు కేంద్రం కూడా కుప్పలో ఒక రకం కాదు. అది కుప్పల లిస్ట్‌ను తన దగ్గర ఉంచుకునే వేరే క్లాసు.

ఇది చేతికి వచ్చాక ఇదే ప్రోగ్రామ్‌ను జావాలో రాయండి. అక్కడ క్లాసులోని వేరియబుళ్లకు టైప్ (సంఖ్యా, అక్షరాలా అన్నది) చెప్పాలి, ఇనిట్ పని చేసే కన్‌స్ట్రక్టర్‌కు క్లాసు పేరే ఉంటుంది, సెల్ఫ్ స్థానంలో దిస్ వస్తుంది కానీ దాన్ని పారామీటర్‌గా రాయనక్కర్లేదు. తేమను ప్రైవేట్ అని ప్రకటిస్తే, వేరే క్లాసు నుంచి ఎవరైనా దాన్ని నేరుగా 170 అని మార్చబోతే ప్రోగ్రామ్ నడవకముందే దాన్ని పరిశీలించే కంపైలర్ అక్కడే ఆపుతుంది. పైథాన్‌లో అయితే పేరు ముందు అండర్‌స్కోర్ పెట్టి, ముట్టుకోవద్దని సూచించడం వరకే మన చేతిలో ఉంటుంది.