కోడికాలితో కణజాలాల పాఠం

తొమ్మిదో తరగతి పిల్లలకు కణజాలాల పాఠాన్ని నేను బోర్డు మీద మొదలుపెట్టను. ముందు చికెన్ కొట్టుకు పంపిస్తాను. కణజాలమంటే కలిసి ఒక పని చేసే కణాల గుంపు. కోడిలోనైనా మనిషిలోనైనా ఉండేవి అవే నాలుగు రకాలు: ఉపకళా, సంయోజక, కండర, నాడీ కణజాలాలు. ఆదివారం కూర పొయ్యి మీదకు వెళ్లేలోపు అరగంట దొరికితే నాలుగూ చేతికి తగులుతాయి. మాంసం ముట్టని పిల్లలను బలవంతపెట్టను, పక్కన కూర్చుని బొమ్మ గీస్తే చాలు.

మైక్రోస్కోప్ లేదని దిగులు వద్దు. ఫ్రెంచి వైద్యుడు బిషా కోసి, ఉడకబెట్టి, ఆరబెట్టి చూసే, తన లెక్కలో 21 రకాల కణజాలాలను వేరుచేశాడు. 1802లో చనిపోయేనాటికి ఆయనకు 30 ఏళ్లే.

కొట్టులో ఇలా అడగండి: తోలు తీయకుండా, ముక్కలు కొట్టకుండా ఒక తొడకాలు, విడిగా ఒక పాదం, ఒక గుండె, ఒక కందనకాయ. ఇంట్లో స్టీలు ప్లేటు, చిన్న కత్తెర, ట్వీజర్ ఉంటే సరిపోతుంది. కత్తెర పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి.

తోలు పై పొర ఉపకళ. ఇందులో కణాలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, మధ్యలో ఖాళీ దాదాపు ఉండదు. సూక్ష్మజీవులను బయటే ఆపేది, ఒంట్లో నీటిని పోనివ్వనిది ఆ బిగువే. పేగు లోపలి పొర కూడా ఉపకళే, అక్కడ పోషకాలను పీల్చుకుంటుంది.

ఇప్పుడు తోలును మెల్లగా లాగండి. తోలుకూ కండకూ మధ్య సాలెగూడు లాంటి పల్చటి పొర సాగుతుంది. తొందరపడి చింపకండి, వెలుతురుకు పట్టి చూడండి. అది సంయోజక కణజాలం. రక్తం, ఎముక కూడా ఈ గుంపులోవే. పిల్లలు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. "రక్తం, ఎముక ఒకే గుంపు ఎలా అవుతాయి మేడం?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తుంటాను. కణాల మధ్య ఏముందో చూడమంటాను. ఇక్కడ కణాలు దూరదూరంగా ఉంటాయి, మధ్యలో మాత్రిక అనే పదార్థం నిండి ఉంటుంది. అది ద్రవమైతే రక్తం, కాల్షియం లవణాలతో గట్టిపడితే ఎముక. కొవ్వులో మాత్రం మాత్రిక తక్కువే, నూనె నింపుకున్న కణాలే ఉబ్బి ఉంటాయి. తొడ ఎముక చివర నున్నగా మెరిసే తెల్లటి తొడుగు మృదులాస్థి. గోరుతో నొక్కి చూడండి. దానికి రక్తనాళాలు లేవు, అందుకే మోకాలిలో అరిగితే మళ్లీ పూడడం చాలా కష్టం.

ఇక పాదం. కోసిన చోట తెల్లటి తాళ్లు కనబడతాయి, అవి టెండన్లు, కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లు. వెనకవైపు ఉన్నదాన్ని ట్వీజర్‌తో పట్టి లాగండి. వేళ్లు ముడుచుకుంటాయి! క్లాసులో అప్పుడు ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ తర్వాత అందరికీ ట్వీజర్ కావాలి. మీ మణికట్టు మీద వేలు ఆనించి పిడికిలి బిగిస్తే, అలాంటి తాళ్లే లోపల కదులుతాయి.

వాటిని లాగేది కండరం. తొడ మాంసం పోగులుగా విడిపోతుంది; ఇది మన ఇష్టప్రకారం కదిలే రకం. కందనకాయ నునుపు కండరం, మన పేగుల్లో ఉండేలాంటిది. మన ప్రమేయం లేకుండానే పనిచేస్తుంది. గుండెది మూడో రకం, అలసట లేకుండా కొట్టుకుంటుంది.

నాడిని వెతకడానికి ఓపిక కావాలి. తొడ కండలను వేళ్లతో విడదీస్తూ వెళ్తే ఎముక పక్కనే తెల్లటి దారం కనబడుతుంది. టెండన్‌లా గట్టిగా మెరవదు, మెత్తగా ఉంటుంది. కబుర్లు మోసే తీగ అది. మన నడుము నుంచి కాలిలోకి దిగే ఇలాంటి నాడిలో ఒక్కో పోగు దాదాపు మీటరు పొడవు ఉంటుంది.

చేతులు, ప్లేటు సబ్బుతో కడగండి. కూరయ్యాక మిగిలిన సన్నటి ఎముకను పారేయకుండా ఒక సీసాలో వెనిగర్ పోసి నాలుగైదు రోజులు ముంచి ఉంచండి. మధ్యలో ఒకసారి వెనిగర్ మార్చండి. కాల్షియం కరిగిపోయి ఎముక రబ్బరులా వంగుతుంది.