పూలు అయిపోయాక గ్లాడియోలస్‌తో నేను చేసిన పొరపాటు

గ్లాడియోలస్ అంటే దుంప నాటి పెంచే పూలమొక్క. మొదటి ఏడాది పూలు వాడిపోగానే మొక్కలన్నీ మొదలంటా కోసేశాను. చూడ్డానికి శుభ్రంగానే ఉంది. మరుసటి ఏడాది ఆకులొచ్చాయి కానీ ఒక్క పూకాడ కూడా రాలేదు.

తవ్వి చూస్తే దుంపలు గోలీకాయలంత ఉన్నాయి. సంగతి అప్పుడు అర్థమైంది. నాటిన దుంప ఆ సీజన్‌లోనే ముడుచుకుపోతుంది, దాని నెత్తిమీద కొత్తది ఊరుతుంది. ఆ కొత్తదానికి తిండి పెట్టేది ఆకులే. నేను కోసి పారేసింది వాటినే!

ఇప్పుడు పూకాడ మాత్రం తీసి, కనీసం నాలుగైదు ఆకులు ఉంచుతున్నాను. 6 నుంచి 8 వారాలు మామూలుగానే నీళ్లు పోస్తాను. ఆకులు పసుపెక్కాక నీళ్లు తగ్గించి, పలుగుతో కాస్త దూరం నుంచి లేపుతాను. దగ్గరగా గుచ్చి ఒకసారి మంచి దుంపనే చీల్చేశాను లెండి.

కాడ కత్తిరించి, గాలాడే నీడలో రెండు మూడు వారాలు ఆరబెడతాను. బాగా ఆరితే అడుగునున్న పాత దుంప, ఎండిన బిళ్లలా వేలితో తిప్పగానే ఊడొస్తుంది. ఊడకపోతే ఇంకా ఆరాలన్నమాట. మెత్తబడ్డవి, మచ్చలున్నవి పారేయడమే, జాలిపడితే పక్కవాటికీ అంటుకుంటుంది.

ప్లాస్టిక్ కవర్లో దాస్తే బూజు పట్టింది. వల సంచిలో, చల్లని పొడిచోట బాగున్నాయి. బఠాణీ గింజల్లాంటి పిల్ల దుంపలూ దాచాను, అవి పూయడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఓపికుంటేనే.

ఈసారి తవ్వినవి అరచేతిలో నిండుగా కూర్చున్నాయి.