గులాబీ పొదకు ఏమైంది? మందు కొట్టే ముందు చూడాల్సినవి

గులాబీ పొద కాస్త నీరసంగా కనిపించగానే చాలామంది మందు సీసా అందుకుంటారు. దానికంటే ముందు మార్పు ఎక్కడ మొదలైందో చూడండి. కింది ఆకుల్లోనా, చిగుళ్లలోనా, ఆకు పైనా, అడుగునా? సగం కారణాలు అక్కడే తేలిపోతాయి.

ఆకులు పసుపుబారడం

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కింది పాత ఆకులు మొత్తంగా పాలిపోతుంటే సాధారణంగా నత్రజని చాలడం లేదని అర్థం. పాదులో బాగా చివికిన పశువుల ఎరువో, వర్మీకంపోస్టో వేయండి. లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. అలాగని మట్టిలో ఇనుము లేదనుకోవద్దు. నేల పీహెచ్ (మట్టి పులుపు, క్షారగుణాల కొలత) 7 దాటితే ఉన్న ఇనుము కూడా వేళ్లకు సరిగా అందదు. గులాబీకి 6 నుంచి 6.5 అయితే హాయి. చీలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా పీల్చుకునే రూపంలోని ఇనుము) పిచికారీతో చిగుళ్లు తేరుకుంటాయి గానీ, మట్టి మారకపోతే సమస్య మళ్లీ వస్తుంది.

మట్టి ఎప్పుడూ తడిగా ఉండి ఆకులు పసుపుబారి రాలుతుంటే, వేళ్లకు గాలి ఆడడం లేదన్నమాట. ఇలాంటి మొక్క వాడినట్టు కూడా ఉంటుంది. అది చూసి ఇంకా నీళ్లు పోస్తారు! వేలు రెండు అంగుళాలు మట్టిలోకి దించి చూడండి. తడి తగిలితే ఆ పూటకు నీళ్లు వద్దు.

నల్లమచ్చలు, తెల్లబూడిద

రెండూ శిలీంధ్రాలే, కానీ గుణాలు వేరు. నల్లమచ్చ అంచు నున్నగా ఉండదు, పీచులు పీచులుగా చీలి ఉంటుంది. చుట్టూ పసుపు కమ్ముకుంటుంది. ఆకు ఏడెనిమిది గంటలు తడిగా ఉంటే చాలు, ఇది అంటుకుంటుంది. అందుకే నీళ్లు ఉదయమే, ఆకులు తడవకుండా మొక్క మొదలు దగ్గరే పోయాలి. రాలిన ఆకుల్ని ఏరి పారేయాలి. బూడిద తెగులుకు ఆకు తడి అక్కర్లేదు. నీడ, గుబురు ఉంటే చాలు. పొద మధ్యలోని కొమ్మలు తీసి గాలి ఆడనివ్వండి. గంధకం వాడితే 30 డిగ్రీలు దాటిన ఎండలో వద్దు, ఆకులు మాడతాయి. వేపనూనె కొట్టాక గంధకం వాడాలంటే రెండు వారాలైనా ఆగండి.

ఆకుపై సన్నని తెల్లచుక్కలు

కింద తెల్ల కాగితం పట్టి కొమ్మను తట్టండి. దుమ్ము నడుస్తున్నట్టు కనిపిస్తే అది ఎర్రనల్లి. ఆకుల అడుగున తగిలేలా నీటిధార కొట్టండి. ఇష్టమొచ్చిన పురుగుమందు కొడితే నల్లిని తినే పురుగులే ముందు చచ్చి, నల్లి ఇంకా పెరుగుతుంది.

మొగ్గ విచ్చుకోదు

రేకుల అంచులు గోధుమరంగుకు తిరిగితే మొగ్గ విప్పి చూడండి. లోపల సన్నని పురుగులు కదిలితే తామర పురుగులు. అలాంటి మొగ్గలు తుంచేయాలి. వానలకు పైరేకులు అతుక్కుపోవడం వేరే సంగతి, దానికి మందు అక్కర్లేదు.

పొద ఏపుగా ఉంది, పువ్వే లేదు

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. నత్రజని ఎక్కువైనా ఆకే పెరుగుతుంది. ఏడాదికి ఒక్కసారే పూసే రకాలు కిందటేటి కొమ్మల మీద పూస్తాయి. వాటిని పూతకు ముందు కత్తిరిస్తే ఆ ఏడు పువ్వుల ఆశ వదులుకోవాల్సిందే. పూత అయ్యాకే కత్తెర పట్టండి. అంటు కింది నుంచి వేరే రకం ఆకులతో కొమ్మ లేస్తే కత్తిరించకుండా, పుట్టిన చోటి నుంచే లాగేయాలి.

కొమ్మ కొస నుంచి ఎండడం

లోపల తెల్లటి బెండు కనిపించేదాకా కిందికి కత్తిరించండి. బయటివైపు చూసే కన్నుకు (చిగురు మొలిచే చోటుకు) అర సెంటీమీటరు పైన కోత పడాలి. మరీ పైన కోస్తే ఆ మిగిలిన ముక్క ఎండి కిందికి పాకుతుంది. ఒక పొద నుంచి మరో పొదకు వెళ్లే ముందు కత్తెరను స్పిరిట్‌తో తుడవండి.