నది లోయలో గాలి పోసిన ఇసుక నేల: గుర్తుపట్టేదెలా, సాగు చేసేదెలా

నది లోయలో భూమి కొనబోతున్నా, కౌలుకు తీసుకుంటున్నా, లేదా ఉన్న చేలోనే ఒక మూల ఎన్ని తడులు ఇచ్చినా పైరు వాడిపోతోందన్నా, ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ ఇసుక వరద వేసిన మేటా, గాలి ఎగరేసుకొచ్చి పోసిన దిబ్బా? రెండూ ఆ నది ఇసుకే, పైన నిలబడి చూస్తే తేడా పట్టుకోవడం కష్టం. వరద మేట కింద తరచుగా ఒండ్రు పొరలు, బంకమట్టి పొరలు తగులుతాయి, వేళ్లకు అక్కడ చెమ్మ దొరుకుతుంది. గాలి దిబ్బలో చాలాసార్లు నిలువెత్తు లోతు దాకా ఒకే రకం సన్న ఇసుక తప్ప ఇంకేమీ ఉండదు. అందుకే ఎవరడిగినా నేను చెప్పే మాట ఇదే: పై జానెడు మన్ను చూసి ఏదీ నిర్ణయించుకోకండి, గొయ్యి తవ్వి కింద ఏముందో చూడండి. నీళ్లెన్ని పెట్టాలి, ఎరువు ఎలా వేయాలి, ఏ పంట వేయాలి అన్నవన్నీ అక్కడి నుంచే వస్తాయి.

ముందు ఈ ఇసుక ఎలా వచ్చిందో కొంచెం తెలిస్తే గుర్తుపట్టడం తేలిక. వరద తీశాక నదిలో ఇసుక తిన్నెలు బయటపడి ఎండిపోతాయి. మీద గడ్డీగాదం లేకపోతే, గాలి సెకనుకు 5, 6 మీటర్ల వేగం దాటగానే, అంటే గంటకు 20 కిలోమీటర్లు అటూ ఇటూ, పొడి ఇసుక కదలడం మొదలవుతుంది. 0.1 నుంచి 0.5 మిల్లీమీటర్ల రేణువులు నేల మీద గెంతుకుంటూ పోతాయి, చాలామటుకు మోకాలి ఎత్తు కూడా దాటవు. అంతకన్నా లావు ఇసుక నెమ్మదిగా దొర్లుతుంది, గులకరాళ్లు ఉన్నచోటే ఉండిపోతాయి, సన్న దుమ్ము మాత్రం పైకి లేచి కిలోమీటర్ల దూరం పోతుంది. రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ సైనిక ఇంజనీరు 1930లలో ఈజిప్టు, లిబియా ఎడారుల్లోనూ, ఆ తర్వాత గాలి సొరంగంలోనూ, అంటే కావలసిన వేగంతో గాలి వీయించే ప్రయోగ గొట్టంలోనూ, ఈ కదలికలను కొలిచాడు, ఇసుక కదలిక మీద ఇప్పటి లెక్కలకు పునాది చాలావరకు ఆయనదే. మొత్తం మీద గాలి ఒక జల్లెడ. లావువి వెనక వదిలేస్తుంది, దుమ్మును ముందుకు పంపేస్తుంది, మధ్యరకం ఇసుకను మాత్రం నదికి దగ్గర్లో కుప్ప పోస్తుంది.

దీన్నిబట్టి ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది. నది ఎండి ఉండే నెలల్లో గాలి ఎటు నుంచి ఎటు వీస్తుందో చూడండి. గాలి పోయే వైపు ఒడ్డునే దిబ్బలు ఎక్కువ ఉంటాయి. ఒడ్డు దగ్గర ఇసుక మందంగా ఉండి దూరం పోయేకొద్దీ పలచబడుతుంది, ఇంకా దూరంలో ఇసుక పోయి పిండిలాంటి సన్న మన్ను వస్తుంది. ఆ సన్న మన్నును లోయెస్ అంటారు, అమెరికాలో మిసిసిపీ నదికి తూర్పున ఉన్న గట్టు కొండల మీద అది మందంగా పేరుకుని, నదికి దూరమయ్యే కొద్దీ తగ్గిపోతుంది. కావేరి ఒడ్డున తలకాడులో గుళ్లను కప్పేసినది కూడా నది నుంచి గాలి తెచ్చిన ఇసుకే. అమెరికాలోనే ఇల్లినాయ్ నది లోయలోనైతే మంచుయుగం చివర్లో వరదలు పరిచిన ఇసుకను గాలి దిబ్బలుగా మలిచింది, ఇప్పుడు అక్కడ బోరు నీళ్లతో స్ప్రింక్లర్లు పెట్టి పెద్ద ఎత్తున సాగు చేస్తున్నారు. అంటే ఈ నేల పనికిరానిదేమీ కాదు, తీరు తెలిసి చేస్తే పండుతుంది.

పొలంలోకి వెళ్లేముందు ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిచి చూడండి. వంపు తిరిగిన దిబ్బలు, వాటి మధ్య గుంటలు, చుట్టుపక్కల కన్నా తెల్లగా పాలిపోయిన మచ్చలు కనిపిస్తే అనుమానించాల్సిందే. ఇంకో గుర్తు, ఆ ఎత్తుపల్లాల మీద వాన నీరు పారిన కాలవలు దాదాపు ఉండవు, పడ్డ నీరు పడ్డట్టే ఇంకిపోతుంది కాబట్టి. కొత్త దిబ్బకు గాలి వచ్చే వైపు వాలు తగ్గుగా, అవతలి వైపు నిటారుగా, 30 నుంచి 34 డిగ్రీల దాకా ఉంటుంది. పాతబడి గడ్డి, చెట్లు పట్టిన దిబ్బలో ఈ తేడా వానలకు చెరిగిపోతుంది, కాబట్టి వాలు ఒక్కటే చూసి తేల్చేయకండి.

ఇక గొయ్యి. ఒక్కటి సరిపోదు, దిబ్బ నెత్తిన ఒకటి, గుంటలో ఒకటి, అంచున ఒకటి కావాలి. మీటరున్నర లోతు చూడగలిగితే మంచిది. కానీ ఇసుక గోడ ఏ హెచ్చరికా లేకుండా కూలుతుంది, నడుము లోతు దాటిన గోతిలోకి దిగొద్దు, ముఖ్యంగా ఒంటరిగా, పిల్లల్ని దగ్గరికి కూడా రానివ్వొద్దు. నడుము లోతు దాకా తవ్వి, ఆ కిందికి గట్టు మీద నిలబడే చేతి ఆగర్‌తో, అంటే తిప్పుతూ దింపి మన్ను పైకి తీసే పనిముట్టుతో దింపండి. ఎండు ఇసుక ఆగర్‌లో నిలవకుండా జారిపోతుంటే రంధ్రంలో కొంచెం నీళ్లు పోసి, ఇంకాక మళ్లీ తిప్పండి. పని అయ్యాక గొయ్యి పూడ్చేయండి.

గోతి గోడను పారతో నునుపుగా చెక్కి, ఎండ ఏటవాలుగా పడే వేళ, అంటే పొద్దున్నో సాయంత్రమో చూడండి. గోడ కాస్త ఆరుతుంటే పొరలు పైకి తేలతాయి. గులకరాళ్లు, ఆల్చిప్ప ముక్కలు, లావు ఇసుక వరుసలు, మధ్యలో బంకమట్టి పట్టీ కనిపిస్తే అది వరద పని. ఒక పక్కకు వాలిన సన్నసన్న పొరలు, రాయి అన్నదే లేకుండా అంతా ఒకే సైజు ఇసుక ఉంటే గాలి పని. అభ్రకం కూడా మంచి సాక్షి: చిటికెడు ఇసుక అరచేతిలో పోసుకుని ఎండలో అటూ ఇటూ తిప్పండి, నది ఇసుకలో అభ్రకం రేకులు తళుక్కుమంటాయి, అవి పలచనివి కావడంతో గాలికి దుమ్ముతో పాటే ఎగిరిపోతాయి కాబట్టి దిబ్బ ఇసుకలో బాగా తక్కువ. ఆ నది ఇసుకలోనే అభ్రకం లేకపోతే ఈ పరీక్ష పనికిరాదు, అందుకని నదిలోంచి ఒక గుప్పెడు తెచ్చి పక్కన పెట్టుకుని పోల్చండి. గాలి ఇసుక రేణువులు గుండ్రంగా, గరుకు గాజులా మసగ్గా ఉంటాయని చెబుతుంటారు, ఎడారుల్లో నిజమే. లోయలో మాత్రం ఆ ఇసుక నది నుంచి నాలుగడుగులే వచ్చి ఉండొచ్చు, అరిగేంత ప్రయాణం చేసి ఉండదు. అందుకే భూతద్దం కింద రేణువు ఆకారం కన్నా, అన్నీ ఒకే సైజులో ఉన్నాయా లేదా అన్నదానికే నేను ఎక్కువ విలువిస్తాను.

గోడలో ఇంకో రెండు విషయాలు వెతకండి. ఒకటి, నల్లగా లేదా ముదురు గోధుమ రంగులో అడ్డంగా పోయే మందపాటి పట్టీ. అది ఒకప్పటి పై నేల, దాని మీద తర్వాత ఇసుక పడిందన్నమాట. అందులో సేంద్రియ పదార్థం, చెమ్మ రెండూ ఎక్కువ. రెండోది, ఎర్రగోధుమ రంగులో అలలు అలలుగా పోయే సన్నని గీతలు, కొన్ని మిల్లీమీటర్ల నుంచి కొన్ని సెంటీమీటర్ల మందం. నీటితో పాటు కిందికి దిగిన బంకమన్ను అక్కడ ఆగి పేరుకోవడం వల్ల వస్తాయి. వేలితో నొక్కితే పైన కింద ఉన్న ఇసుక రాలిపోతుంది, ఈ గీత మాత్రం కొంచెం నిలబడుతుంది. ఇలాంటివి నాలుగైదు ఉన్న దిబ్బకూ, ఒక్కటీ లేని దిబ్బకూ నీళ్లు పట్టి ఉంచడంలో చాలా తేడా ఉంటుంది. చెట్ల వేళ్లు ఈ గీతల వెంటే పాకడం గోడలో కళ్లారా చూడొచ్చు.

చేతి పరీక్ష తేలిక. గుప్పెడు మన్ను తడిపి ఉండ చేయండి. ఉండ కాకుండా రాలిపోతే ఉత్త ఇసుక, ఉండ అయి తాకగానే విరిగితే కొంచెం మెత్తటి మన్ను కలిసింది, బొటనవేలితో నొక్కితే రిబ్బన్‌లా సాగితే బంక ఉన్నట్టు. అనుమానం ఉంటే గాజు సీసాలో మన్ను, నీళ్లు, రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్ వేసి బాగా గిలక్కొట్టి వదిలేయండి. ఇసుక నిమిషంలోపే అడుగు చేరుతుంది, సిల్ట్‌కు, అంటే ఇసుక కన్నా సన్నం, బంక కన్నా లావు రేణువులకు, గంటలు పడుతుంది, బంకకు ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. గాలి దిబ్బ ఇసుకైతే నిమిషానికే నీళ్లు దాదాపు తేటపడతాయి.

ఇప్పుడు అసలు సంగతి, నీళ్లు. ఇలాంటి ఇసుక మీటరు లోతులో మొక్కకు అందే నీరు సుమారు 60 నుంచి 80 మిల్లీమీటర్లే పట్టి ఉంచుతుంది, మంచి గరప నేలైతే దానికి రెట్టింపు దాటుతుంది. లెక్క వేసి చూద్దాం. వేళ్లు అర మీటరు దాకా పోయాయనుకోండి, చేతిలో ఉన్నది 30 నుంచి 40 మిల్లీమీటర్లు. అందులో సగం అయిపోయేలోపే మళ్లీ తడి ఇవ్వాలి, అంటే 15 నుంచి 20. ఎండాకాలం పైరు రోజుకు 5, 6 మిల్లీమీటర్లు తాగేస్తుంది. మూడు రోజులకే ఖాళీ! వారానికోసారి 50 మిల్లీమీటర్లు పెట్టే అలవాటుంటే అందులో 10 నుంచి 20 మిల్లీమీటర్లు వేళ్ల కిందికి జారిపోతుంది, వేసిన యూరియాను కూడా వెంట తీసుకుపోతుంది, వారం చివరి రోజుల్లో పైరు మాత్రం ఎండుతూనే ఉంటుంది. కాబట్టి కొంచెం కొంచెంగా, తరచుగా పెట్టండి. కాలవ పారకం ఇక్కడ పని చేయదు, ఈ నేలలో గంటకు 30 మిల్లీమీటర్లకు పైనే ఇంకుతుంది, మొదట్లోనే నీరంతా తాగేసి చివరికి చేరనివ్వదు. డ్రిప్ లేదా స్ప్రింక్లర్ కావాలి. డ్రిప్‌లో నీరు పక్కలకు పాకకుండా నిలువుగా దిగిపోతుంది, అందుకని డ్రిప్పర్ల మధ్య దూరం 30 సెంటీమీటర్లు మించనివ్వకండి.

గోతిలో మీటరు లోపల బంక పొర తగిలిందా, మీ అదృష్టం, ఈ లెక్క చాలా సడలుతుంది. గుంటల్లో మాత్రం ఆ బంక మీద నీరు నిలిచి వేళ్లు కుళ్లే ప్రమాదం ఉంది, అక్కడ దిబ్బ మీద పెట్టినన్ని నీళ్లు పెట్టకూడదు. గోడలో బూడిద రంగు మీద తుప్పు రంగు మచ్చలు కనిపిస్తే అక్కడ ఏటా కొన్నాళ్లు నీరు నిలుస్తోందని అర్థం.

ఒక వింత కూడా చూస్తారు. బాగా ఎండిన ఇసుక మీద నీటి చుక్క వేస్తే ఇంకకుండా గుండ్రంగా నిలబడిపోతుంది. కుళ్లిన ఆకులు, వేళ్ల నుంచి వచ్చే మైనంలాంటి పదార్థం రేణువులకు పూతలా పట్టడం వల్ల ఇలా అవుతుంది. ఐదు సెకన్లు దాటినా చుక్క అలాగే ఉంటే ఆ నేల నీటిని నెట్టేస్తోందన్నమాట. అలాంటి చోట పూర్తిగా ఎండనివ్వకపోవడమే మంచి మందు. ఎండిపోతే మాత్రం తక్కువ వేగంతో, ఎక్కువసేపు నీళ్లు పెట్టి నానబెట్టాలి.

ఎరువుల సంగతికొస్తే, పోషకాలను పట్టుకునే బంక, సేంద్రియ పదార్థం రెండూ తక్కువ కాబట్టి ఒకేసారి వేసింది నిలవదు. నత్రజనిని మూడు నాలుగు విడతలు చేయండి, డ్రిప్ ఉంటే ఇంకా ఎక్కువ విడతలు. పొటాష్, గంధకం, బోరాన్ కూడా కొట్టుకుపోతాయి. పశువుల ఎరువు వేయండి, కానీ ఒక ఏడాది లారీ లోడ్లు దింపి మూడేళ్లు మర్చిపోవడం దండగ. గాలి బాగా ఆడే ఈ నేలలో అది త్వరగా హరించుకుపోతుంది, కొంచెమైనా ఏటా పడాలి. పచ్చిరొట్ట పంట కలియదున్నడం, పంట మోళ్లు నేల మీదే ఉంచడం నా దృష్టిలో బస్తాల ఎరువు కన్నా ముందు చేయాల్సిన పనులు. మట్టి నమూనాలు దిబ్బవి వేరు, గుంటవి వేరు సంచుల్లో పంపండి, కలిపితే వచ్చే రిపోర్టు రెండింటికీ సరిపోదు. దుంప పంటలు, వేరుశనగ, పుచ్చ లాంటివి ఇక్కడ బాగా వస్తాయి.

ఇసుక కదా గట్టిపడదులే అనుకోవద్దు. ట్రాక్టర్ పదేపదే తిరిగితే 20, 30 సెంటీమీటర్ల లోతులో బిగుసుకుని వేళ్లను ఆపేస్తుంది. తడి పెట్టిన మర్నాడు సన్నని ఇనుప చువ్వ గుచ్చి చూడండి, ఒక లోతులో గబుక్కున ఆగి, గట్టిగా తోస్తే మళ్లీ తేలిగ్గా దిగిందంటే అదే ఆ పొర.

గాలి తెచ్చిన ఇసుకను గాలి మళ్లీ తీసుకుపోగలదు, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. గెంతే ఇసుక లేత మొలకల కాండాల్ని నేల దగ్గరే గీసి చంపేస్తుంది. ఎండాకాలంలో దుక్కి దున్ని వదిలేయడం, మోళ్లు కాల్చేయడం ఈ నేలలో అస్సలు చేయకూడని పనులు. ఎండు గాలి వీచే దిక్కుకు అడ్డంగా చెట్ల వరుస వేయండి, చెట్ల ఎత్తుకు పది రెట్ల దూరం దాకా బాగా కాపు కాస్తుంది. వరుస గోడలా మూసుకుపోకూడదు, సగం గాలి లోంచి దూరాలి, లేకపోతే అవతల సుడి తిరిగి పడుతుంది. దిబ్బ నెత్తిన పైరు కోసం తాపత్రయపడొద్దు, గడ్డికో చెట్లకో వదిలేయండి. ఎక్కడైనా చిన్న చోట గడ్డి పోయి ఇసుక తేలితే ఆ వారమే కంప, గడ్డి కప్పేయండి, ఒక గాలి సీజన్‌లో అది పెద్ద గుంటవుతుంది.

ఇల్లు కట్టేవాళ్లకు రెండు మాటలు. ఈ ఇసుక మరీ సన్నం, అంతా ఒకే సైజు, కాంక్రీటుకు ఒంటరిగా వాడొద్దు. వదులుగా ఉండి నీరు పట్టిన సన్న ఇసుక భూకంపంలో ద్రవంలా మారగలదు, పునాదికి ముందు మట్టి పరీక్ష చేయించండి. మరుగుదొడ్డి గుంత మురికి, ఎరువుల నుంచి ఎక్కువైన నైట్రేట్ ఇందులో వడకట్టకుండానే భూగర్భ నీటిలోకి దిగిపోతాయి. కాబట్టి తాగే బోరును గుంతకు, ఎరువు కుప్పకు వీలైనంత దూరంగా, నీటి వాలుకు పైవైపున వేయించుకుని, ఆ నీటిని ఏటా వానల తర్వాత ఒకసారి నైట్రేట్‌కు, బాక్టీరియాకు పరీక్షకు పంపండి.