మందుల రికార్డులతో పరిశోధన – 3: కొన్న తేదీ నుంచి వాడిన రోజుల దాకా

పోయిన పాఠంలో డెన్మార్క్ జాతీయ ప్రిస్క్రిప్షన్ రిజిస్టర్‌లో ఒక వరుస ఎలా ఉంటుందో చూశాం: వ్యక్తి కోడ్, మందు ఏటీసీ కోడ్ (మందులను వర్గీకరించే అంతర్జాతీయ కోడ్), ప్యాకెట్‌లో ఎన్ని మాత్రలు, ఏ తేదీన ఇచ్చారు. అక్కడ 1995 నుంచి, స్వీడన్‌లో వ్యక్తులవారీగా 2005 జులై నుంచి ఇలాంటి వరుసలు ఉన్నాయి. ఇవాళ ఆ తేదీల నుంచి మందు వాడిన కాలాన్ని రాబడదాం.

మందు ఫార్మసీ దాటిందని మాత్రమే ఆ వరుస చెబుతుంది. మింగారో లేదో చెప్పదు. రోజుకెన్ని అన్నది కూడా చాలాసార్లు ఉండదు. అది మనం ఊహించాల్సిందే, కాబట్టి ఆ ఊహను పరిశోధన పత్రంలో రాసి తీరాలి.

ఒక ఊహాజనిత మనిషిని తీసుకుందాం. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ (ఏటీసీ కోడ్ ఎ10బిఎ02) 500 మి.గ్రా. మాత్రలు, వంద చొప్పున, 2015లో మూడుసార్లు కొన్నాడు: జనవరి 1, ఫిబ్రవరి 10, మే 30.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఈ మందు రోజువారీ ప్రామాణిక మోతాదు 2 గ్రాములు. అంటే రోజుకు నాలుగు మాత్రలు. వంద మాత్రలు 25 రోజులకే అయిపోతాయి, జనవరి 26 నుంచే ఖాళీ, అంటే చేతిలో మందు లేని కాలం, కనిపిస్తుంది. కానీ చాలామంది రెండే వేసుకుంటారు. రెండనుకుంటే ప్యాకెట్ 50 రోజులు, ఫిబ్రవరి 19 దాకా వస్తుంది. రెండోది ముందే కొన్నాడు కదా, ఆ మిగులును పారేయకండి. రెండో ప్యాకెట్‌ను ఫిబ్రవరి 20 నుంచి లెక్కపెట్టండి. అది ఏప్రిల్ 10తో అయిపోతుంది. మే 29 దాకా 49 రోజుల ఖాళీ. 30 రోజుల వరకే ఖాళీని ఒప్పుకుంటామని ముందే రాసుకుని ఉంటే, ఈయన మందు ఆపేసినట్టే.

ఇప్పుడు ఆసుపత్రి రికార్డు కలపండి. మార్చిలో 20 రోజులు అడ్మిట్ అయి ఉన్నాడు. అక్కడ ఇచ్చిన మందు ఈ రిజిస్టర్‌లోకి రాదు, ఇంట్లో మాత్రలు అలాగే ఉన్నాయి. ఏప్రిల్ 30 దాకా సరిపోతాయి. ఖాళీ 29 రోజులే. మనిషి మందు ఆపనే లేదు! ఈ ఒక్క రికార్డు కలపకపోవడం వల్లే ఎన్నో విశ్లేషణలు తప్పుదారి పట్టగలవు, దయచేసి బద్ధకించకండి.

వచ్చే పాఠంలోపు ఇదే లెక్కను రోజుకు మూడు మాత్రలతో చేసి, ఖాళీలు ఎక్కడ పడ్డాయో తేదీలతో రాసి పెట్టుకోండి. కొత్తగా మందు మొదలుపెట్టినవాళ్ళను విడదీయడానికి అవే తేదీలు వాడదాం.