ఎండల్లో పిల్లర్లు పోస్తున్నారా? ఇనుప బాక్సులతో ఈ జాగ్రత్తలు తీసుకోండి

ఉగాది దాటిందంటే హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల ప్లాట్లలో సెంట్రింగ్ వాళ్లకు తీరిక ఉండదు. మృగశిర కార్తె వచ్చేలోపు స్లాబు పడాలని ఇల్లు కట్టుకునేవాళ్ల ఆరాటం. స్లాబు పడాలంటే ముందు పిల్లర్లు లేవాలి. ఒకప్పుడు చెక్క పలకలు కొట్టి పెట్టెలు చేసేవాళ్లు. ఇప్పుడు ఎక్కడ చూసినా అద్దెకు తెచ్చిన ఇనుప కాలమ్ బాక్సులే, అంటే లోపల కాంక్రీటు పోసి పిల్లరు తీసే రెండు ముక్కల అచ్చులే. అవి చెక్కలా నీళ్లు పీల్చవు, ఉబ్బవు, సరిగ్గా చూసుకుంటే ఒకే బాక్సుతో ఎన్నో పిల్లర్లు పోయొచ్చు.

చిక్కల్లా అద్దె దగ్గరే. బాక్సులకు రోజు లెక్కన కట్టాలి. పన్నెండు పిల్లర్లుంటే ఆరు బాక్సులే తెస్తారు, ఇవాళ పోసినవాటిని రేపు ఊడదీసి పక్క పిల్లర్లకు కడతారు. ఈ పద్ధతిలో తప్పేం లేదు. కాని ఎండాకాలం పిల్లర్ల పనిలో నేను చూసిన నష్టాలు చాలావరకు ఈ తిప్పుడు తొందరలో పుట్టినవే. తొందర పెట్టేది మేస్త్రీ అనుకుంటాం గానీ, సగంసార్లు ఇంటి యజమానే పెడతాడు.

బాక్సు ట్రాలీ ఎక్కకముందే

అద్దె గోదాములో బాక్సులన్నీ ఒకేలా కనిపిస్తాయి. పైకి ఎత్తి చూడండి. రేకు లోపలి వైపు చెయ్యి పెట్టి తడిమితే సొట్టలు తెలుస్తాయి. అంచు పొడవునా దారం లాగి పట్టుకుంటే ఏంగిల్ వంగిందీ లేనిదీ కనిపిస్తుంది. వెల్డింగు పగిలిన మూలలు, తుప్పుకు చిల్లులు పడ్డ అడుగు భాగం ఉంటే ఆ బాక్సు వదిలెయ్యండి. రెండు ముక్కలూ కలిపి, నోటి దగ్గర మూల నుంచి మూలకు టేపు పెట్టండి. రెండు కర్ణాలూ సమానంగా రాకపోతే పిల్లరు చదరంగా రాదు.

అన్నిటికన్నా ఎక్కువగా చూడాల్సింది రెండు ముక్కలు కలిసే అంచు. అక్కడ పాత సిమెంటు రెండు మూడు మిల్లీమీటర్లు గట్టిపడి ఉంటే ఎంత బిగించినా సందు మిగులుతుంది. వైబ్రేటర్ (కాంక్రీటును అదిలించి సర్దే యంత్రం) పెట్టగానే ఆ సందులోంచి సిమెంటు పాలు కారిపోతాయి, లోపల ఉత్త కంకర మిగులుతుంది. బాక్సు తీశాక మూలల్లో కంకర తేలి కనిపించేది ఇందుకే. ఆ పొరను గీకుడు బిళ్లతో, వైరు బ్రష్షుతో తియ్యాలి. సుత్తితో కొడితే పొరతో పాటు రేకూ సొట్ట పోతుంది, ఆ సొట్టే మీ పిల్లరు మీద గడ్డలా వస్తుంది.

బోల్టులు, పిన్నులు, బాక్సు చుట్టూ బిగించే క్లాంపులు లెక్కపెట్టుకుని తీసుకోండి. లేని పిన్ను చోట బైండింగ్ వైరు చుట్టి పని కానిచ్చే అలవాటు మన దగ్గర బాగా ఉంది. రింగులు కట్టడానికి పనికొచ్చే ఆ తీగ కాంక్రీటు ఒత్తిడికి ఆగదు. రెండు గోదాముల బాక్సులు కలిపి తేవడం కూడా వద్దు, రంధ్రాలు కలవవు.

నూనె, స్టార్టరు, అడుగు శుభ్రం

నూనె బాక్సు నిలబెట్టకముందే పూయాలి. సలాకల చుట్టూ బాక్సు బిగించాక పైనుంచి పోస్తే అది రాడ్లకు అంటుతుంది, అంటిన చోట కాంక్రీటు ఇనుమును పట్టుకోదు. పల్చగా పూసి గుడ్డతో తుడిస్తే చాలు. ముందురోజే పూసి ఉంచితే ఏప్రిల్ గాలికి దుమ్మంతా దాని మీదే చేరుతుంది. బండ్లలోంచి తీసిన కాలిన ఇంజను ఆయిలు చవకే, కాని పిల్లరు నల్లబడుతుంది, ప్లాస్టరింగు పట్టదు. సెంట్రింగ్ కోసమే అమ్మే నూనె వాడితే ఆ బాధ ఉండదు.

బాక్సు ఎక్కడ నిలబడాలో చెప్పేది స్టార్టరు, అంటే పిల్లరు అడుగున ముందుగా పోసే చిన్న కాంక్రీటు దిమ్మ. మూడు నాలుగు అంగుళాల ఎత్తే కదా అని దాన్ని కళ్లతో చూసి పోసేస్తారు. స్టార్టరు అర అంగుళం పక్కకు జరిగితే పైన పది అడుగుల పిల్లరూ జరిగినట్టే. పిల్లర్ల వరసకు దారం కట్టి, మూల మట్టం పెట్టి పోయించండి, ఒక రోజు గట్టిపడనివ్వండి. బాక్సు ఎక్కించే ముందు దాని పైభాగాన్ని ఉలితో గరుకు చేసి, కడిగి, తడిపి ఉంచాలి. బైండింగ్ వైరు ముక్కలు, ఎండుటాకులు, గుట్కా పొట్లాలు అన్నీ చివరికి బాక్సు అడుగునే చేరతాయి. అడుగున చిన్న కిటికీ ఉన్న బాక్సు దొరికితే అదే తీసుకోండి, కడిగిన చెత్త బయటికి తోసి మూసెయ్యొచ్చు. బాక్సుకూ స్టార్టరుకూ మధ్య సందులో సిమెంటు సంచి కాగితం కుక్కడం మాన్పించండి. అది పిల్లరు లోపలే ఉండిపోతుంది. బయటినుంచి గట్టి మాలు పెట్టి మూస్తే సరిపోతుంది.

కవరు బ్లాకుల గురించి ఒక్క మాట. కవరంటే సలాకకూ పిల్లరు బయటి ముఖానికీ మధ్య ఉండే కాంక్రీటు మందం. పిల్లరు నిలువు సలాకలకు 40 మిల్లీమీటర్ల కవరు ఉండాలని మన కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. టైల్సు పెంకులు, కంకర రాళ్లు దూర్చకుండా, తీగతో కట్టే బ్లాకులే వాడండి. తొమ్మిది అంగుళాల పిల్లర్లో రెండువైపులా కవరు పోగా మిగిలే చోటు కొంచెమే, అందులోకి 60 మి.మీ. వైబ్రేటర్ సూది దిగడం కష్టం. 40 మి.మీ. సూది ముందే మాట్లాడుకోండి.

పైనున్న తీగ

ఇక్కడ పొరపాటు జరిగితే దిద్దుకునే అవకాశం ఉండదు. కొత్త కాలనీల్లో 11 కేవీ లైన్లు ప్లాటు అంచునే పోతుంటాయి. భవనానికీ 11 కేవీ తీగకూ మధ్య పక్కకు కనీసం 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్లు దూరం ఉండాలని నిబంధన. అది కట్టి పూర్తయిన గోడకు పెట్టిన లెక్క. పది అడుగుల ఇనుప బాక్సును నలుగురు పట్టుకుని నిలబెట్టేటప్పుడు దాని పైకొన ఎటు తూలుతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు. మొదటి అంతస్తు పిల్లర్లయితే బాక్సు ఇంకా పైకి వెళుతుంది. పొడవాటి సలాకలు ఎత్తేటప్పుడూ ఇదే ప్రమాదం. తీగ దగ్గర్లో ఉంటే కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసుకు వెళ్లి, ఆ పూటకు లైను ఆపించుకుని పని చేయించండి, లేదా 1912కు ఫోను చేసి కనుక్కోండి. "ఇట్ల చానసార్లు లేపినం సార్, ఏం గాదు" అని మేస్త్రీ అంటే ఆ మాట విని ఊరుకోకండి.

కరెంటు వైబ్రేటర్ వాడితే వైరుకు అతుకులు ఉండకూడదు, లీకేజీ వస్తే తెగే బ్రేకరు బోర్డులో ఉండాలి. చుట్టూ ఇనుము, కింద నీళ్లు, చేతిలో యంత్రం. పెట్రోలు వైబ్రేటర్ దొరికితే ఆ బెంగే లేదు.

నిలబెట్టడం, బిగించడం

బాక్సు ఇనుముదే కాబట్టి దానంతటదే నిలుస్తుందనుకుంటారు. దాన్ని నిలబెట్టేవి పక్కన ఊతంగా పెట్టే, తిప్పి సరిచేసే ఇనుప జాకీలు. రెండు దిక్కుల్లోనూ, ఎదురెదురుగా జాకీలు పెట్టాలి. నేల నల్లరేగడి అయితే జాకీ కాలు కింద పలక వేసి, వెనక మేకు దిగ్గొట్టాలి. క్యూరింగు నీళ్లు పారి ఆ మన్ను మెత్తబడితే జాకీ జారుతుంది, బాక్సు ఒరుగుతుంది. గుండు కట్టి రెండు ముఖాల మీదా తూకం, అంటే నిట్టనిలువుగా ఉందో లేదో, చూడాలి. కాంక్రీటు సగం పడ్డాక ఒకసారి, పూర్తయ్యాక ఒకసారి మళ్లీ చూడాలి. తడిగా ఉన్నప్పుడు జాకీ తిప్పి సరిచేయొచ్చు, గంట దాటితే కుదరదు.

మన ఎండాకాలంలో సాయంత్రాలకు నమ్మకం లేదు. పగలంతా మాడి, నాలుగు దాటాక ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది. బాక్సు సగం ముక్క గాలికి తెరచాపే. గోడకు ఆనించి వదిలేసిన ముక్కలు, జాకీలు పెట్టకుండా రేపటికని నిలబెట్టి వెళ్లిన బాక్సులు రాత్రికి రాత్రి పడిపోతాయి. 3 మి.మీ. రేకు చదరపు మీటరుకే ఇరవై మూడున్నర కిలోలు, ఏంగిళ్లు అదనం. పనివాళ్ల పిల్లలు సైటులోనే పడుకుంటారు కాబట్టి ఆ పూట కట్టని ముక్కలన్నీ నేల మీద పడుకోబెట్టించాకే ఇంటికి వెళ్లండి.

ఇక బిగింపు. తడి కాంక్రీటు నీళ్లలాగే పక్కలకు నెడుతుంది, కాకపోతే దాదాపు రెండున్నర రెట్లు బరువుతో. మీటరు లోతుకు చదరపు మీటరు మీద 2.4 టన్నుల చొప్పున లెక్క వేస్తే, 3 మీటర్ల బాక్సును ఒకేసారి నింపినప్పుడు అడుగున ఒక్క చదరపు అడుగు రేకు మీద 650 కిలోల పైనే ఒత్తిడి పడుతుంది. అందుకే క్లాంపులు కింద దగ్గరగా, పైకి వెళ్లేకొద్దీ కాస్త దూరంగా ఉండాలి. చాలాచోట్ల తిరగేసి పెడతారు, ఎందుకంటే నిలబడి బిగించడానికి నడుము ఎత్తే సుఖం. తట్టలతో పోసేటప్పుడు నెమ్మదిగా నిండుతుంది కాబట్టి కింద పొర కొంత బిగుసుకుంటుంది, ఒత్తిడి అంత రాదు. రెడీమిక్స్ పంపుతో పోస్తే నిమిషాల్లో నిండిపోతుంది, మొత్తం ఒత్తిడీ రేకు మీదే. పంపు పైపు పట్టుకున్నతనికి ముందే చెప్పండి: ఒక పిల్లర్లో అడుగు, అడుగున్నర పోసి, వైబ్రేటర్ పెట్టి, రెండో పిల్లరుకు వెళ్లాలి, మళ్లీ తిరిగి రావాలి. ఎండకు కింద పొర బిగిసిపోకముందే పై పొర పడాలి కాబట్టి ఒక్క చుట్టులో ఎక్కువ పిల్లర్లు పెట్టుకోవద్దు.

కాంక్రీటు 1.5 మీటర్ల కన్నా ఎత్తు నుంచి పడకూడదని ఐఎస్ 456 హద్దు. పది అడుగుల బాక్సు నోట్లో పైనుంచి తట్టతో వంచితే కంకర సలాకలకు తగిలి విడిపోయి అడుగుకు చేరుతుంది. మధ్యలో కిటికీ ఉన్న బాక్సయినా కావాలి, లేదా పైపు లోపలికి దించి పోయాలి. పోసేవాళ్లు క్లాంపుల మీద కాళ్లు పెట్టి ఎక్కకుండా విడిగా పరంజా వేయించండి. మనిషి బరువుకు క్లాంపు సడలుతుంది, తూకమూ పోతుంది.

ఏ వేళకు పోయాలి

రోళ్లు పగిలే రోహిణిలో మధ్యాహ్నం పూట ఇనుప బాక్సు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఆ వేడి రేకును తాకిన కాంక్రీటు పొర నీళ్లు ఆరిపోయి రేకుకే అంటుకుంటుంది, ఊడదీసేటప్పుడు పెచ్చులుగా వస్తుంది. పోసే వేళకు కాంక్రీటు వేడి 40 డిగ్రీలు దాటకూడదన్నది మన ప్రమాణాల్లో ఉన్న మాట. తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదిలోపు ముగించడం నాకు నచ్చే పద్ధతి. సాయంత్రం చల్లగా ఉంటుంది నిజమే, కాని గాలివాన భయం కూడా ఆ పూటే. పోసే ముందు బాక్సు బయటివైపు నీళ్లు చల్లండి, కంకర కుప్ప తడిపి ఉంచండి, ట్యాంకు నీళ్లు నీడలో పెట్టండి. మాలు బిగుస్తోందని మిక్సర్లో మరో బకెట్టు నీళ్లు పోయనివ్వకండి. పని సులువవుతుంది, పిల్లరు బలం తగ్గుతుంది.

ఊడదీసేది ఎప్పుడు

అద్దె లెక్క గుర్తొచ్చేది ఇక్కడే. పిల్లర్ల బాక్సులు 16 నుంచి 24 గంటల తర్వాత తీయవచ్చని ఐఎస్ 456లో ఉంది. అది ఓపీసీకి, అంటే బూడిద కలపని మామూలు సిమెంటుకు చెప్పిన గడువు. మన దుకాణాల్లో ఎక్కువగా దొరికేది పీపీసీ, అంటే థర్మల్ కేంద్రాల బూడిద కలిపినది. అది మొదట్లో నెమ్మదిగా గట్టిపడుతుంది. సంచి మీద చూసుకోండి. పీపీసీ అయితే 24 గంటలకు తగ్గించకండి. ఉదయం పోసింది మర్నాడు ఉదయం తీస్తే రోజుకు ఒక విడత చొప్పున బాక్సులు తిరుగుతూనే ఉంటాయి, మీకేం నష్టం లేదు. ఉదయం పోసి అదే రోజు సాయంత్రం తీసి, రాత్రి లైట్లు పెట్టి ఇంకో విడత పోసేవాళ్లున్నారు. ఒక రోజు అద్దె మిగలొచ్చు, పిల్లరు మూలలు మాత్రం ఇటుక గోడ కట్టేటప్పుడే రాలుతుంటాయి.

తీసేటప్పుడు చివరి బోల్టు విప్పేముందు రెండు ముక్కలకూ తాడు కట్టి మనుషులు పట్టుకుని ఉండాలి. గడ్డపారను పిల్లరుకు ఆనించి తన్నడం వద్దు, అంచు పగులుతుంది. కంకర తేలిన చోటు కనిపిస్తే వెంటనే మాలు పూసి కప్పెయ్యనివ్వకండి. ముందు ఫోటో తీసి ఇంజనీరుకు చూపండి. పైపైన గరుకుగా ఉంటే ఒక మందు, సలాకలు బయటపడితే వేరే మందు.

బాక్సు ఉన్నంతసేపూ తేమ లోపలే ఉంటుంది. అది తీసిన మరుక్షణం నుంచి ఎండ తాగేస్తుంది. కాబట్టి పిల్లరుకు గోనె పట్టాలు చుట్టి, తాడు కట్టి, తడపడం అదే గంటలో మొదలవ్వాలి. పొడి ఎండల్లో కనీసం 10 రోజులు, పీపీసీకి 14 రోజులు. పూటకోసారి పైపుతో చల్లి వెళితే పది నిమిషాల్లో ఆరిపోతుంది. మే నెలలో బోరు ఎండి ట్యాంకరు కొనుక్కునేవాళ్లు గోనె మీద పాత ప్లాస్టిక్ కవరు చుడితే నీళ్లు ఆదా అవుతాయి.

ఊడదీసిన బాక్సును అప్పటికప్పుడే గీకించండి. పచ్చిగా ఉన్న మాలు బిళ్లతో గీకితే వస్తుంది, రెండు రోజులైతే సుత్తి తీస్తారు. తిరిగి ఇచ్చేటప్పుడు సొట్టలకూ పోయిన పిన్నులకూ గోదామువాళ్లు డిపాజిట్‌లోంచి కోస్తారు. అందుకే తెచ్చిన రోజే పాత సొట్టలు ఫోనులో ఫోటో తీసి, పిన్నుల లెక్క రసీదు మీద రాయించుకోండి.